కడప బండ మీద పెల్లెట్లు: నాలుగు నెలల పని

2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినప్పటి నుంచి నాకు ఈ ఆట మీద ప్రేమ. మేడ మీద 10 మీటర్లు కొలిచి గీత గీసుకుని కాలుస్తాను. తూటా ఖాళీ గుల్లలో మళ్లీ మందు నింపుకునే పని మన దేశంలో లైసెన్స్ లేకుండా చేయకూడదు, నేను దాని జోలికి పోను. నాది గాలి ఒత్తిడితో పోయే 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, అంటే చిన్న గుండు. నింపడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా మంచివాటిని ఏరుకోవడమే. దాని కోసం ఇంట్లోనే కట్టుకున్న పరికరం గురించి ఇది.

ఈ పోటీ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. పెల్లెట్‌కు ముందు బల్లపరుపు తల, వెనక కొంచెం విప్పారిన స్కర్ట్. ఈ రెండింటి కొలతలూ డబ్బా అంతా ఒకేలా ఉండాలి. దవడల మధ్య పట్టి కొలిచే డిజిటల్ కాలిపర్‌తో కొలిచి చూశాను. నాకు తెలియాల్సిన తేడా 0.01 మిల్లీమీటరు, ఆ పరికరం తప్పే 0.02 దాకా ఉంటుంది. పైగా దవడలు కాస్త బిగిస్తే స్కర్ట్ నొక్కుకుపోతుంది, సీసం కదా. రెండు రోజులకే కాలిపర్ పక్కన పెట్టేశాను.

అప్పుడు దొర్లించి చూసే పద్ధతి పట్టుకున్నాను. స్కర్ట్ పెద్దది, తల చిన్నది కాబట్టి వాలుగా పెట్టిన అద్దం మీద వదిలితే పెల్లెట్ నేరుగా దిగదు, గ్లాసును పక్కకు పడుకోబెట్టి దొర్లించినట్టు వంపు తిరుగుతుంది. నా పెల్లెట్లలో స్కర్ట్ సుమారు 4.75, తల 4.50, రెండు అంచుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే వంపు వ్యాసార్ధం 76 మిల్లీమీటర్లు వస్తుంది. తల 0.01 తగ్గితే అది 73 అవుతుంది. కాలిపర్‌కు అందని తేడాను దొర్లుడు 3 మిల్లీమీటర్లు చేసి చూపిస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరిలో మొదటిది ప్లైవుడ్ మీద కట్టాను. మే ఎండలకు అది వంగిపోయింది. వంటగది గట్టు పనిలో మిగిలిన కడప బండ ముక్క తీసి, కింద మూడు బోల్టులు కాళ్లుగా పెట్టాను. మూడు కాళ్లయితే ఎక్కడ పెట్టినా ఊగదు. బండ పాలిష్ మీదే దొర్లిద్దామనుకున్నాను కానీ సన్నటి గుంతలు ఉన్నాయి, పెల్లెట్ తడబడింది. ఏడురోడ్ల దగ్గర అద్దాల అంగట్లో 5 మిల్లీమీటర్ల అద్దం ముక్క అడిగాను. "ఇంత చిన్నది దేనికి సార్, ఫోటో ఫ్రేముకా?" అన్నాడు. "కాదన్నా, అంచు మాత్రం నున్నగా రుద్ది ఇయ్యి, దాని మీదే నా పనంతా" అన్నాను. డబ్బులు అద్దానికే తీసుకున్నాడు, రుద్దినందుకు తీసుకోలేదు. వాలు 8 డిగ్రీలు, ఫోన్‌తో చూసి బోల్టులు తిప్పి సరిచేసుకుంటాను.

అసలు కష్టం వదలడంలో వచ్చింది. వేలితో వదిలితే ఒకే పెల్లెట్ ఒకసారి ఇక్కడ, ఒకసారి సెంటీమీటరు అవతల పడింది. వేలు తెలియకుండానే పక్కకు నెడుతుంది. కిటికీలకు వాడే అల్యూమినియం సెక్షన్ ముక్కలో పెల్లెట్ అడ్డంగా పడుకునేలా గాడి చేసి, ముందు పాత ఏటీఎం కార్డు ముక్కను తలుపుగా పెట్టాను. దాన్ని చేత్తో ఎత్తినా వణుకు వచ్చింది. చివరకు సైకిల్ బ్రేకు వైరు కట్టి, దూరం నుంచి లాగితే తలుపు నిట్టనిలువుగా లేచేలా చేశాను. ఇది కుదరడానికి మూడు ఆదివారాలు పట్టింది.

పరీక్ష ఒక్కటే: ఒక పెల్లెట్ మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి పదిసార్లు వదలడం. మా అమ్మాయి నోట్‌బుక్‌లో రాస్తూ కూర్చుంది. ఎనిమిదోసారికి "నాన్నా, మళ్లీ అదే గీత మీద!" అని అరిచింది. పదిసార్లూ ఒక్క మిల్లీమీటరు తేడా లోపలే పడింది. అది చూడకముందు ఏరిన పెల్లెట్లన్నీ మళ్లీ కలిపేశాను, ఆ ఏరివేతకు విలువ లేదు.

అద్దం పొడవు విషయం ఎవరైనా కట్టుకోవాలనుకుంటే బాగా గుర్తుంచుకోవాలి. పెల్లెట్ 60 మిల్లీమీటర్లు దిగేలా పెడితే 0.01 తేడాకు అంచు దగ్గర 2 మిల్లీమీటర్లే విడివడుతుంది. 70 పెడితే 4 నుంచి 6 దాకా వస్తుంది. ఆశపడి 75 పెట్టాను, తల చిన్నవి అంచు చేరకుండానే తిరిగిపోయి అద్దం మీదే ఊగి ఆగాయి. ఇప్పుడు 70 దగ్గరే ఉంచాను. పడిన చోటును బట్టి పెల్లెట్లు విడిపోయేలా అంచు కింద క్యాలెండర్ అట్టతో మూడు అరలు. పాతిక పెల్లెట్లకు ఒకసారి పొడి నూలు గుడ్డతో అద్దం తుడవాలి, సీసం గీతలు పడితే వంపు మారుతుంది.

తూకం కూడా చూశాను. 0.001 గ్రాముల నగల త్రాసు, పైన స్వీటు డబ్బా మూత, ఫ్యాను ఆపి తెల్లవారుజామున. పెల్లెట్లు 0.53 గ్రాముల చుట్టూనే ఉన్నాయి. తూకం వల్ల నా గ్రూపుల్లో, అంటే ఒకే గురికి వరసగా కాల్చిన గుండ్ల గుంపుల్లో, తేడా కనిపించలేదు, ఆ పని మానేశాను.

ఇసుక సంచి మీద రైఫిల్ పెట్టి ఐదేసి గుండ్ల గ్రూపులు నాలుగు కాల్చాను. గ్రూపులో బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు కొలిస్తే ఏరనివి 5 మిల్లీమీటర్ల దగ్గర, నడిమి అరవి 3 దగ్గర. నాలుగు గ్రూపులు చాలవు, ఇంకా కాల్చాలి. స్కర్ట్ సొట్ట పోయినవి మాత్రం కంటితోనే ముందుగా తీసేయండి. నాకు దూరంగా పోయిన గుండ్లలో ఎక్కువ అవే.

సీసం పని కాబట్టి పళ్లేలు, గుడ్డలు వంటింటివి వాడను. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కుంటాను, అమ్మాయికి పెల్లెట్ ముట్టుకోనివ్వను, రాసే పని ఒక్కటే తనది.

500 పెల్లెట్ల కొత్త డబ్బా ఒకటి సీలు తీయకుండా ఉంది. ఈ ఆదివారం అదంతా దొర్లించి, ఒక్కో అరకు పది గ్రూపులు కాల్చి అంకెలు రాస్తాను.