ఏటిచలువ: మంచు నది ఒడ్డుకు ఒక ఊహా మొక్క

హైదరాబాద్‌లో కూర్చుని కథలకో గేములకో మంచు లోకాలు అల్లేవాళ్లు, ఊహా మొక్క అనగానే నీలి ఆకులు, మెరిసే పూలు గీసేస్తారు. ముందు గీయాల్సింది అది పెరిగే మంచు నది ఏడాది పొడవునా ఎలా పారుతుందో. మన మూసీ వానకు పొంగుతుంది. 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచిందీ వానే. లేహ్ దగ్గర సింధు నదిని పొంగించేది ఎండ. జులై, ఆగస్టుల్లో మంచు కరిగి నిండుగా పారుతుంది, చలికాలంలో సన్నబడి అంచులు గడ్డకడుతుంది. అలవాటు కొద్దీ వరదను వానకు ముడిపెడితే మొక్క లెక్కంతా తప్పుతుంది.

ఏటిచలువ మోకాలెత్తు పొద అనుకుందాం. చలికంటే దానికి పెద్ద గండం, వసంతంలో పగిలి కొట్టుకొచ్చే మంచుగడ్డలు. లావు కాండం విరిగిపోతుంది. పెన్సిలంత కొమ్మలు, నేలకు వంగేవి పెట్టండి. కొన్నింటిని మొదలు దగ్గర తేలిగ్గా విరగనివ్వండి కూడా. ఏటి ఒడ్డున పెరిగే విల్లో చెట్ల కొన్ని జాతుల్లో విరిగిన కొమ్మ దిగువన ఒండ్రులో చిక్కుకుని వేరు పోసుకుంటుంది.

ఎక్కువమంది తప్పేది వేరు దగ్గర. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కదా అని దాన్ని వదిలేస్తారు. నిజమే, లీటరు మంచినీటిలో 0 డిగ్రీల దగ్గర సుమారు 14.6 మిల్లీగ్రాములు పడుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కు దిగుతుంది. కానీ అది పారే నీటి సంగతి. బురదలో నిలిచిన నీటి ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడేస్తాయి. పైనుంచి కొత్తది దిగాలంటే, వాయువులు నీటిలో గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. అందుకే తామరతూడు కోస్తే కనిపించేలాంటి గాలి గొట్టాలు కాండం నుంచి వేరు కొస దాకా ఉండి తీరాలి.

కొత్త గులకరాళ్ల గట్టులో నత్రజని దాదాపు ఉండదు. లద్దాఖ్‌లో పెరిగే సీబక్‌థార్న్ అనే ముళ్ల పొదకు వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా దాన్ని అందిస్తుంది. ఏటిచలువకూ అదే ఏర్పాటు చాలు.

మొక్క కణాల మధ్య మంచు గడ్డకడితే అది ఓర్చుకోగలదు, కణం లోపల కడితే ఆ కణం చచ్చినట్టే. కాబట్టి లోపలి నీరు గడ్డకట్టకుండా, పగళ్లు కురచవుతుండగానే కణాల్లో చక్కెరలు పోగవ్వాలి. ఈ రక్షణ ఏడాదంతా ఉందని మాత్రం రాయకండి; నడివేసవిలో మంచు పడితే ఏటిచలువ లేత చిగురు మాడాల్సిందే.

ఇక విత్తనం. విల్లో విత్తనం సాధారణంగా కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలే బతుకుతుంది, రాలగానే తడి నేల దొరకాలి. ఇక్కడ ఆ పద్ధతి కుదరదు. వరద తీసేసరికి సెప్టెంబరు, వెంటనే చలి. గట్టి పెంకున్న విత్తనాన్ని అప్పుడు రాల్చి, చలికాలమంతా నిద్రపుచ్చి, ఏప్రిల్‌లో మొలిపించండి. జూన్ చివరికల్లా వేరు జానెడు లోతు దిగకపోతే జులై నీరు మొలకను పెళ్లగించుకుపోతుంది.