ఒట్టు వేయించుకోకండి

రాయగడ మే నెల ఎండలో కూడా మీ అమ్మాయి పొడుగు చేతుల చొక్కా విప్పదు. పార్వతీపురంలో పెళ్లికి పొట్టి చేతుల జాకెట్టు వేసుకోమంటే పేచీ. అంతమాత్రాన అనుమానపడక్కర్లేదు గానీ, చేతి మీద గాయానికి "పిల్లి గీరింది" అనే జవాబు రెండోసారి వచ్చిందంటే మాత్రం కూర్చుని మాట్లాడాలి.

తమను తాము గాయపరచుకోవడం ఎక్కువగా 12-14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగపిల్లల్లోనూ ఉంటుంది. చాలావరకు చావాలని కాదు. కోపమో, సిగ్గో, దిగులో లోపల పట్టనంతగా పెరిగినప్పుడు ఆ గాయం ఆ బరువును కాసేపు దించుతుంది. కొందరు మొద్దుబారినట్టున్న మనసు కదలాలని చేస్తారు, కొందరు తమకు తాము శిక్ష వేసుకుంటారు. ఆ ఊరట నిజమే, కాకపోతే నిలవదు. వెనకే సిగ్గు వస్తుంది, ఆ సిగ్గే మళ్లీ అటు తోస్తుంది. "అందరూ చూడాలని చేస్తోంది" అంటారు. చూడాలనుకునే పిల్ల దాచుకోదు కదా!

ఒడిశాలో ఉండే మన తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కుంది. చదువు ఒడియాలో, ఇల్లు తెలుగులో. బ్యాంకులో, ఆసుపత్రిలో అమ్మానాన్నల తరఫున మాట్లాడేది పిల్లే. తన గోడు చెప్పుకోవడానికి మాత్రం తెలుగు చాలదు. ఒడియాలోనే చెప్పనివ్వండి, సగం అర్థమైనా చాలు.

బయటపడిన రోజు చాలా ఇళ్లలో వినబడేది "నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చెయ్యనను". పిల్ల వేస్తుంది. ఆ ఉద్వేగం తిరిగొచ్చినప్పుడు తట్టుకోలేకపోతే, అమ్మ మీద ఒట్టు తప్పానన్న పాపం కూడా నెత్తికెక్కుతుంది. ఆపైన ఇంకా బాగా దాస్తుంది.

ముందు గాయం సంగతి చూడండి. నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి కట్టు కట్టండి. 10 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తర్వాత "ఎందుకు చేశావ్?" అనకుండా "దానికి ముందు ఏమైందమ్మా?" అని అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని కూడా సూటిగా అడగాలి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఇప్పుడు ఆ ఉద్దేశం లేకపోయినా, ఇలాంటి పిల్లల్లో ముందుముందు ఆత్మహత్యాయత్నం ముప్పు ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. మాత్రలు, పురుగుల మందు తాళంలో పెట్టండి.

పెళ్లి సంబంధాలు చెడతాయని వైద్యం వాయిదా వెయ్యకండి. ఉద్వేగం పొంగినప్పుడు దాన్ని దాటడం నేర్పే డైలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఈ వయసువాళ్లకి పనికొస్తుందని తేలింది, అయితే నెలలు పడుతుంది. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. భాష ఎంచుకోవచ్చు కాబట్టి పిల్ల ఒడియాలో, మీరు తెలుగులో విడివిడిగా మాట్లాడొచ్చు.