గడియ ఉన్న గది కావాలి

ప్రసూతి సెలవు ముగిసి మధురవాడలోని మా ఆఫీసులో మళ్లీ చేరాను. పాలు పిండుకోవడానికి చోటు అడిగితే సామాన్ల గది చూపించారు, తలుపుకు గడియ కూడా లేదు. బిడ్డ ఆకలివేళకు పాలు చేపుకొచ్చి ఛాతీ రాయిలా బిగుసుకుపోతుంటే మీటింగులో ఎవరు మనసు పెట్టగలరు?

చట్టం 26 వారాల సెలవుతో సరిపెట్టలేదు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 సవరణ చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

మా టీమ్ లీడర్ మాత్రం సాయంత్రం మీటింగులను మధ్యాహ్నానికి మార్చారు. "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది ఆవిడ ఒక్కరే. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

గడియ ఉన్న గది, పాలు దాచడానికి చిన్న ఫ్రిజ్ కావాలని నిన్న యాజమాన్యానికి రాసిచ్చాను.