ఫోథరింగేకు వెళ్తూ అక్కకో ఉత్తరం

లండన్ కింగ్స్ క్రాస్‌లో ఎక్కితే పీటర్‌బరోకు యాభై నిమిషాల ప్రయాణం. నేనెక్కిన రైలు మాత్రం పొలాల మధ్య ఆగి ముప్పావుగంట కదలలేదు. టికెట్టుకు పోసిన పౌండ్లు తలచుకుంటే కడుపు మండింది. ఎదుటాయన క్షమాపణల ప్రకటన వినిపించిన ప్రతిసారీ కళ్లు మూసుకునేవాడు. నేను సంచిలోంచి గళ్ల కాగితాల పుస్తకం తీశాను.

వెళ్తున్నది ఫోథరింగేకు. స్కాట్లాండ్ రాణి మేరీని 1587 ఫిబ్రవరి 8న తల నరికిన కోట అక్కడే ఉండేది. రహస్య లిపిలో రాసిన ఉత్తరమే ఆమె ప్రాణం తీసింది. ఆ లిపి ఎలా కట్టారో చదివి తెలుసుకోవడం వేరు, చేత్తో కట్టి చూడడం వేరు. అందుకే ఆ పద్ధతిలోనే తెలుగుకు ఒక లిపి కట్టి, అక్కకు ఉత్తరం రాయాలని బయలుదేరేముందే నిశ్చయించుకున్నాను.

1586లో మేరీకీ, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ను చంపి ఆమెను విడిపించాలని కుట్ర పన్నిన బాబింగ్టన్‌కూ మధ్య నడిచిన లిపిలో అక్షరాలకు 23 గుర్తులు. జె, వి, డబ్ల్యూ లేవు. తరచుగా వచ్చే మాటలకు విడిగా గుర్తులున్నాయి. చదివేవాణ్ణి దారి తప్పించడానికి ఏ అర్థమూ లేని ఉత్తుత్తి గుర్తులు నాలుగు. ఇవిగాక, తరువాతి అక్షరాన్ని రెండుసార్లు చదవమని చెప్పే గుర్తు ఒకటి. దాన్ని చూసి నవ్వుకున్నాను. మన ద్విత్వమే కదా!

మహాప్రాణాలను అల్పప్రాణాల్లో కలిపేశాను. ‘ష’ను ‘శ’లో తోసేశాను. ఱ, ఙ, ఞలకు సెలవిచ్చాను. అయినా హల్లులు 21, అచ్చులు 12, సున్న ఒకటి మిగిలాయి. ద్విత్వానికి ఒకటి, ఉత్తుత్తివి నాలుగు, రాణి, కోట, రైలు వంటి మాటలకు ఇంకొన్ని. ఇరవై గుర్తుల దాకా సరదాగా పుట్టాయి. ఆ తరువాత ఏది గీసినా ఇదివరకటిదానికి కవలపిల్లలా వస్తోంది. ‘గ’కు అడ్డగీత మీద చుక్క, ‘డ’కు అదే గీత కింద చుక్క పెట్టి సరిపెట్టుకున్నాను.

చిక్కంతా ‘అ’ దగ్గర వచ్చింది. ‘క’ అని రాస్తే అందులో ‘అ’ ఉన్నట్టా, లేనట్టా? దానికి గుర్తు రాయకపోతే పొల్లుకు వేరే గుర్తు కావాలి. రాస్తే ప్రతి రెండో మాటలో అది తగులుతుంది. ఆలోచించే ఓపిక లేక రాయడానికే నిశ్చయించి, చుక్క పెట్టిన గుండ్రాన్ని దానికి కేటాయించాను. ఆ సోమరితనం ఖరీదు సాయంత్రం తెలిసింది.

ఉత్తరం ఇంతే: “అక్కా, ఉభయకుశలోపరి. రైలు ఆగింది. రాణి కోటకు వెళ్తున్నాను. సాయంత్రం చేరతాను. ఎవరికీ చెప్పవద్దు.” మాటల మధ్య ఖాళీ లేకుండా, వరుస చివర ఒక్కో ఉత్తుత్తి గుర్తు చేర్చి, ఐదు వరుసల్లో మొత్తం 79 గుర్తులు రాశాను. నలభై నిమిషాలు పట్టింది. పట్టికలో వెతకడం, రాయడం, మళ్లీ వెతకడం. మేరీ దగ్గర ఈ పనికి కార్యదర్శులు ఉండేవారు. ఎందుకో నా వేళ్లకు అర్థమైంది.

పీటర్‌బరోలో దిగగానే ఫొటో తీసి అక్కకు పంపాను. పట్టిక పంపలేదు. అక్కడి కథీడ్రల్‌లో మేరీని పాతిపెట్టిన చోటు చూశాను. 1612లో కొడుకు జేమ్స్ ఆమెను వెస్ట్‌మినిస్టర్‌కు తరలించాడు కనుక అక్కడ ఇప్పుడు ఆమె లేదు.

ఫోథరింగేకు దగ్గరి ఊరైన ఔండిల్ దాకా బస్సుకు 3 పౌండ్లు ఇచ్చాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ పదకేళి నింపుతూ నా పుస్తకంలోకి తొంగిచూసింది. ఇది మీ భాష లిపా అని అడిగింది. కాదు, రహస్య లిపి అన్నాను. ఆవిడ మర్యాదకైనా ఆశ్చర్యపోలేదు. పెన్ను వెనక్కి తిప్పి కాగితం మీద ఒకటి, రెండు, మూడు అంటూ ఆనించుకుంటూ పోయింది.

“ఈ చుక్క గుండ్రం పదకొండుసార్లు వచ్చింది. మీ భాషలో అంత ముఖ్యమైన అక్షరం ఏమిటండీ? ఇంకొకటి, ఈ నాలుగు గుర్తులూ వరుస చివర తప్ప ఎక్కడా కనబడలేదు. వీటికి అర్థం లేదు కదూ?”

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి! ఉత్తుత్తి గుర్తులు నడుమ నడుమ చల్లాలని, ‘అ’ లాంటిదానికి మూడు నాలుగు గుర్తులు మార్చిమార్చి వాడాలని నాకు తెలియక కాదు. ఆగిపోయిన రైల్లో చెయ్యి నొప్పెట్టి తెలిసినది మరిచాను. ఆవిడ తన స్టాపు రాగానే దిగిపోయింది. పదకేళిలో రెండు గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఔండిల్‌లో టాక్సీవాడు చెప్పిన రేటు విని నడక మొదలుపెట్టాను. ఆరు కిలోమీటర్లు. ఫోథరింగేలో కోట లేదు. గడ్డి పెరిగిన మట్టిదిబ్బ, కింద నేన్ నది, ఇనుప ఊచల మధ్య ఒక రాతి గోడ ముద్ద. రోమాంచమేదో కలుగుతుందనుకుని వచ్చినవాడికి ఎదురైనవి గొర్రెలు. దిబ్బ మీద మాత్రం ఊదారంగు ముళ్లపూలు పూశాయి. మేరీ కన్నీళ్ల నుంచి మొలిచాయని స్థానికులు చెప్పుకుంటారట. స్కాట్లాండ్ గుర్తు కూడా ఆ పువ్వే కదా.

దిబ్బ మీద కూర్చుని నా ఉత్తరాన్ని నేనే పట్టికతో చదివి చూశాను. రెండో వరుసలో “రైలు ఆడింది” అని వచ్చింది. చుక్క పైన పెట్టాల్సింది కింద పెట్టాను.

మేరీ ఉత్తరాలు ఆమెను బంధించి ఉంచిన చార్ట్‌లీలో బీరు పీపా బిరడాలో దాగి వెళ్లేవి. ఆ దారి ఏర్పాటు చేసినవాళ్లే ఎలిజబెత్ మంత్రి వాల్సింగ్‌హామ్ మనుషులు. ప్రతి ఉత్తరమూ ముందు అతని దగ్గర రహస్య లిపులు విప్పే ఫెలిప్స్ బల్ల మీదికి చేరేది. అతను విప్పి చదివి, మళ్లీ మూసి పంపేవాడు. జూలై 17న ఆమె బాబింగ్టన్‌కు రాసిన జవాబు నకలు మీద అతను ఉరికొయ్య బొమ్మ గీశాడు. అంతటితో ఊరుకోలేదు. అదే లిపిలో ఉత్తరం చివర ఒక పేరా కల్పించి చేర్చాడు: ఈ పనికి పూనుకున్న ఆరుగురి పేర్లు తెలపండి అని. లిపి లేకపోతే ఆమె అంత తెగించి రాసేది కాదేమోనని నాకనిపిస్తుంది.

చిన్నప్పుడు అక్కా నేనూ క భాషలో మాట్లాడుకునేవాళ్లం. ప్రతి అక్షరం ముందు ఒక ‘క’ చేర్చి, అమ్మ ఎదుటే అమ్మ దాచిన జంతికల గురించి కుట్రలు పన్నేవాళ్లం. ఆవిడ బియ్యం ఏరుకుంటూ తలెత్తేది కాదు. మర్నాటికి డబ్బా చోటు మారేది. ఎందుకు మారిందో అక్క పెళ్లినాడు అమ్మ చెప్పేదాకా మాకు తట్టలేదు.

తిరుగు బస్సులో ఫోను మోగింది. అక్క. అక్కడ రాత్రి పదకొండు దాటి ఉంటుంది.

“ఉత్తరం రాస్తే నువ్వు అక్కా అనక మానవు, ఉభయకుశలోపరి అనకా మానవు. నాన్న నేర్పిన ఉత్తరం అది. ఆ రెండు మాటలతోనే పదమూడు గుర్తులు దొరికాయి. మిగతాది వంట చేస్తూ చేశాను. అది సరే, రైలు ఆడడం ఏమిటిరా?”

జవాబు వెతుక్కుంటుండగానే ఇంకో ఫొటో వచ్చింది. గ్యాసు బిల్లు వెనుక నా గుర్తులే, నాకంటే ముచ్చటగా గీసింది. విప్పడానికి పట్టిక తీసి, బస్సు కుదుపులకు వరుస తప్పిపోతూ, మళ్లీ మొదలుపెడుతూ పావుగంట తంటాలు పడ్డాను.

“ఎవరితో వెళ్లావు? పేర్లు రాయి.”