డార్విన్‌ది మేనరికం, ఐన్‌స్టీన్‌ది కాదు

మా అత్తగారూ మామగారూ మేనత్త, మేనమామ పిల్లలు. గుంటూరు జిల్లాలో ఆ తరంవాళ్ళకు ఇది విశేషమే కాదు. డాలస్‌లో ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి మాత్రం దాచుకోవలసిన సంగతిలా తోచింది. జీవశాస్త్రం పాఠానికి వంశవృక్షం గీయాలి. రక్తసంబంధీకుల పెళ్ళిని అందులో జంట గీతతో చూపుతారు. నానమ్మా తాతయ్యల మధ్య ఒక్క గీతే గీస్తానని కూర్చుంది.

టెక్సాస్‌లో ఇది చట్టవిరుద్ధమని దాని బాధ. నిజమే, 2005లో నిషేధించారు. కాలిఫోర్నియాలో నిక్షేపంలా చేసుకోవచ్చు. అరిజోనాలో ఇద్దరికీ 65 ఏళ్ళు నిండితే అభ్యంతరం లేదు. టెనసీ 2024లో గానీ కాదనలేదు. మన 1955 నాటి హిందూ వివాహ చట్టమూ తక్కువదేమీ కాదు. దగ్గరి బంధువుల పెళ్ళి కూడదంటూనే, ఆచారం ఉన్నవాళ్ళకు మినహాయింపు ఇచ్చేసింది.

ఇవేవీ దానికి ఎక్కలేదు. డార్విన్ ఎక్కాడు. 1839లో ఆయన పెళ్ళాడిన ఎమా వెడ్జ్‌వుడ్ స్వయానా మేనమామ కూతురు. ఐన్‌స్టీన్ రెండో భార్య ఎల్సా కూడా బంధువే, ఇద్దరి తల్లులూ అక్కచెల్లెళ్ళు. వీడియో కాల్‌లో ఈ కబురు నానమ్మకు చేరవేసింది. డార్విన్ సంబంధం విని ఆవిడ నిశ్చింతగా తల ఊపారు. ఐన్‌స్టీన్ దగ్గర మాత్రం చెవులు మూసుకున్నంత పని చేశారు. "పెద్దమ్మ కూతురా? పైగా మూడేళ్ళు పెద్దదా? అక్క కాదటే అది!"

మా అమ్మాయి ఊరుకోలేదు. మేనమామ కూతురైనా పెద్దమ్మ కూతురైనా ఉమ్మడి జన్యువులు సగటున ఎనిమిదో వంతే కదా, ఒకటి వరస, ఒకటి పాపం ఎలా అవుతాయంది. మంచి ప్రశ్న. జీవశాస్త్రం ఆ తేడా చూడదు, చూసేది సమాజం. పొలం చీలిపోకూడదు, పిల్ల ముక్కూమొహం తెలియని ఇంటికి వెళ్ళకూడదు, అత్తగా మేనత్తే ఉంటే కాస్త కనికరిస్తుంది. (కనికరించని మేనత్తల కథలు మా వైపు కొల్లలు.) మా వీధిలోని కొరియా కుటుంబంవాళ్ళకు మేనరికం మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ దేశంలో ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవారి పెళ్ళిని, ఎన్ని తరాల దూరమైనా, చట్టం ఒప్పుకునేది కాదు. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి న్యాయస్థానం 1997లో తేల్చింది. మన సగోత్ర నిషేధానికి అది దగ్గరి చుట్టమే.

మేనరికాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన పెద్ద అధ్యయనం, 2013లో వెలువడింది, అలాంటి దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు సుమారు 3 శాతం నుంచి 6 శాతానికి పెరుగుతున్నాయని చూపింది. నూటికి తొంభైకి పైగా పిల్లలు ఆరోగ్యంగానే పుడతారన్నది ఎంత నిజమో, ముప్పు రెట్టింపన్నదీ అంతే నిజం. తరతరాలుగా అలాగే చేసుకుంటూ పోతే ఇంకా పెరుగుతుంది. పిల్లలకు రెండూ చెప్పాను.

జంట గీత గీసింది. ఇక మిగిలింది సెలవుల్లో ఊరెళ్ళినప్పటి గొడవ. మా తమ్ముడి కూతుర్నీ మా అబ్బాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి "మొగుడూ పెళ్ళాల్లా ఉన్నారు" అనే వేళాకోళం ఇక వద్దని అందరికీ చెప్పాను. పదేళ్ళ పిల్లలకు అది వినోదం కాదు, ఇబ్బంది. తమ్ముడు కాస్త నొచ్చుకున్నా మానేశాడు. మా అమ్మ ఇంకా మానలేదు.