సైబీరియా స్టేటస్

మావారు హాయిగా నిద్రపోయారు. ఆయన పెట్టిన వాట్సాప్ స్టేటస్ నన్ను పడుకోనివ్వడం లేదు. "సైబీరియా అతిథులతో మేము"ట!

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చాం. మంచులోనే కైకలూరు చేరి బోటెక్కాం. ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, కిక్కిరిసి ఉన్నాయి. పిల్ల గూడబాతు ఒకటి తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి తింటుంటే మా బుడ్డోడు నోరు తెరిచి చూశాడు. బావుంది.

బోటులో ఒక పెద్దాయన తగిలారు. ఆయన లెక్కలో గూడబాతులు సైబీరియావి, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి, ఆఖరికి రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి కూడా సైబీరియాదే! మావారు "అవునాండీ" అని ఒకటే తల ఊపడం. ఇంట్లో నేనేం చెప్పినా కదలదు ఆ తల.

ఉత్తరాన్నుంచి వచ్చేవి లేకపోలేదు, సూదితోక బాతుల్లాంటివి. కానీ అవి చలికాలం గడిపేసి, వెనక్కెళ్లి అక్కడే గుడ్లు పెడతాయి. కళ్లెదురుగా గూళ్లూ పిల్లలూ కనబడుతుంటే సైబీరియా ఏమిటండీ? ఈ బూడిదరంగు గూడబాతు మన దక్షిణాదిలో, అస్సాంలో, శ్రీలంకలో, కంబోడియాలో పిల్లల్ని పెంచే పక్షి.

గుంటూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు ఉప్పలపాడు. అక్కడి చెరువు గురించి ఇదివరకే విసిగించాను, మళ్లీ విసిగిస్తాను. చెట్లనిండా పక్షులు. గాలి ఇటు తిరిగిందంటే రెట్టల కంపుకి అన్నం సయించేది కాదు. ఓసారి చిన్న మామయ్య ఉండేలు పట్టుకుని గట్టెక్కితే అమ్మమ్మ చీపురు తిరగేసి వెంటపడింది. "పురిటికొచ్చిన ఆడపిల్లల మీద రాళ్లేస్తావురా!" అని ఊరంతా వినబడేలా. మామయ్య జారి ఆ రెట్టల నీళ్లలోనే పడ్డాడు. తలంటుకునేదాకా గడప తొక్కనివ్వలేదు. అవి ఎక్కడివని అమ్మమ్మ ఎవర్నీ అడిగినట్టు లేదు. పురుడు ఇక్కడైతే పుట్టిల్లూ ఇదేగా.

ఇంతా రాశాక, పోనీలే అనిపిస్తోంది. సైబీరియా అన్నందుకే జనం పిల్లల్ని వెంటేసుకొచ్చి టికెట్ కొంటున్నారేమో. మన పక్షే అంటే ఎవరొస్తారు? పాపం, పెద్దాయన వల్ల వచ్చిన నష్టమేముంది!

ఉంది, ఎందుకు లేదు? అతిథి అంటే నాలుగు నెలలుండి పోతుందన్న ధీమా. చేపల చెరువు మీద వాలితే టపాకాయ పేల్చి తోలేస్తారు. 2006లో ప్రభుత్వం కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు అంత హడావుడిగా కొట్టించింది, చాలాచోట్ల మళ్లీ లేచాయి. సైబీరియా పక్షయితే సైబీరియా పోతుంది. గూడబాతు ఎక్కడికి పోతుంది, ఏడాది పొడుగునా ఈ చుట్టుపక్కల నీళ్లలోనే తిండి వెతుక్కోవాలి కదా?

పొద్దున ఆ స్టేటస్ తీయించాలి. తీయరు, ఇప్పటికే బోలెడు లైకులు. అత్తయ్యగారు కూడా చూశారు. అంత దూరం వెళ్లి ఒక్క కొల్లేటి చేపా తేలేదా అని అడిగారు.