సగం నిండిన గీత

రాత్రి పన్నెండు దాటింది. మేనల్లుడు పక్కగదిలో నిద్రపోతున్నాడు. సాయంత్రం నేను వాడిని చాలా మాటలన్నాను, వాడు నన్ను ఒక్క మాటే అన్నాడు. ఆ ఒక్కటే గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది కాబట్టి, రేపు పొద్దున్నే ఆఫీసు ఉన్నా, ఇది రాయడానికి కూర్చున్నాను.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అని రెండో ప్రపంచ యుద్ధం మీద ఒక కంప్యూటర్ ఆట ఉంది, అందులో నేను సోవియట్ పక్షాన ఆడుతున్నాను. ఆటలోని 1936 నుంచి మొదలుపెట్టి, మూడు నెలలుగా, రోజుకు గంట చొప్పున, ఓపికగా కట్టుకుంటూ వచ్చిన సైన్యం అది. 1941 జూన్ 22 దాటి, జర్మనీ సరిహద్దు విరుచుకుని లోపలికి వచ్చిన వారం రోజుల దగ్గర నిన్న రాత్రి పాజ్ చేసి పడుకున్నాను. ఈ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆట ఆగస్టులో ఉంది. మా వాడు మధ్యాహ్నం కూర్చుని, పాజ్ తీసి, యుద్ధం తన చేతుల్లోకి తీసుకున్నాడు.

ఆడినందుకు నాకు కోపం రాలేదు. శిక్షణలో ఉన్న పద్నాలుగు డివిజన్లను, అంటే వేలమంది ఉండే సైనిక దళాలను, సగంలోనే బయటికి లాగి స్మోలెన్స్క్ ముందు నిలబెట్టినందుకు వచ్చింది. ఈ ఆట ఆడనివారికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొత్త డివిజన్ కావాలంటే మనుషులు కావాలి, తుపాకులు కావాలి, వాటితోపాటు రోజులు కావాలి. ఆ రోజులు గడిచేకొద్దీ ఒక గీత ఎడమ నుంచి కుడికి నిండుతూ వస్తుంది. అది నిండిన తరువాత దింపితే ఆ డివిజన్ శిక్షణ పొందినదిగా లెక్క. నిండకముందే దింపే వీలు కూడా ఉంది గాని, అలా వచ్చినవాళ్లను ఆట పచ్చివాళ్లుగానే లెక్కగట్టి, యుద్ధంలో వాళ్ల బలాన్ని 25 శాతం కోసేస్తుంది. దించిన తరువాత కూడా వెనకాల ఉంచి విన్యాసాలు చేయిస్తే రెగ్యులర్ అనే మెట్టుదాకా ఎక్కుతారు, అప్పుడు అదే బలం 25 శాతం పెరుగుతుంది. ఆ పైనున్న రెండు మెట్లు మాత్రం నిజమైన యుద్ధంలోనే ఎక్కాలి. విన్యాసాల్లో తుపాకులు అరుగుతాయి, ట్యాంకులుంటే ఇంధనం ఖర్చవుతుంది, అందుకే చాలామందికి వాటిమీద చిన్నచూపు. నాకు మాత్రం ఆ ఖర్చు ఎప్పుడూ వృథా అనిపించలేదు.

మా వాడు చేసింది అంతటితో ఆగలేదు. ఒక జనరల్ కింద ఇరవై నాలుగు డివిజన్లు దాటితే ఆ జనరల్ నైపుణ్యం పలచబడిపోతుందని తెలిసి కూడా, ఈ పద్నాలుగింటినీ అప్పటికే పదిహేడు ఉన్న జనరల్‌కే అప్పగించాడు. పైగా పటం మీద దాడికి గీసిన బాణాన్ని ఆ రోజే అమలు చేశాడు. పథకం గీసి కొన్నాళ్లు ఓపిక పడితే సైన్యం సన్నద్ధమై, దాడికి అదనపు బలం రోజురోజుకూ కూడుతుంది. ఆ కొన్నాళ్లు వాడికి లేకపోయాయి. కొత్తవాళ్లు ఒక్కసారిగా వచ్చిపడటంతో తుపాకుల నిల్వ అడుగంటి, నేను ఏళ్ల తరబడి విన్యాసాలు చేయించిన పాత డివిజన్లకు కూడా అందకుండా పోయాయి. నేను వచ్చి చూసేసరికి పద్నాలుగింటిలో తొమ్మిదే మిగిలాయి.

ఇవన్నీ వాడికి ఒక్కొక్కటిగా, నిలబెట్టి, అమ్మ ఎదుట చెప్పాను. కూర్చుని చెప్పి ఉంటే బాగుండేది. "గీత నిండేదాకా ఆగలేనివాడివి రేపు ఏం చేస్తావు?" అని కూడా అన్నాను. వాడు కాసేపు నేలకేసి చూసి, "నాకూ ఆరు నెలలే కదా మావయ్యా ఇస్తారు" అన్నాడు.

సైన్యంలో చేరడానికి అగ్నివీర్ రాతపరీక్ష గట్టెక్కి, పరుగు పరీక్ష ఉండే ర్యాలీ కోసం మా ఇంట్లో ఉండి పరుగు తీస్తున్న పిల్లవాడు వాడు. సేవ నాలుగేళ్లు. వాడన్న ఆరు నెలల శిక్షణ కాలం కూడా ఆ నాలుగేళ్లలోనే కలిసి ఉంటుంది. ఆ తరువాత నూటికి ఇరవై ఐదు మంది దాకా ఉంచుకుని మిగిలినవారిని ఇంటికి పంపుతారు. ఈ లెక్కలు వాడికి నాకంటే బాగా తెలుసు. తెలిసే పరుగెడుతున్నాడు. వాడు వెళ్లి పడుకున్నాక అమ్మ నాతో, "ఏటిరా, గుంటడిని అన్నన్ని మాటలన్నావు, ఆ బొమ్మల యుద్ధం కోసమా?" అంది. బొమ్మల యుద్ధం అన్నందుకు ఆమె మీద కూడా విసుక్కున్నాను. ఈ రోజు ఎవరినీ వదిలిపెట్టలేదు.

నా కోపానికి మూలం ఆటలో లేదని రాస్తుంటే తెలుస్తోంది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఎన్‌సీసీ పది రోజుల క్యాంపుకు కొత్తవలస వైపు వెళ్లాము. అప్పటికి నాకు సార్జెంటు చారలు వచ్చాయి గాని, ఆజ్ఞ ఇవ్వడం రాలేదు. డ్రిల్లులో ఆజ్ఞకు రెండు భాగాలుంటాయి. మొదటిది హెచ్చరిక, దాన్ని సాగదీసి పలకాలి. రెండోది అమలు, దాన్ని కొట్టినట్టు పలకాలి. రెండింటి మధ్య ఒక ఊపిరి పట్టేంత విరామం ఉండాలి, ఆ విరామంలోనే ముప్ఫై మంది ఒక్క మనిషిగా మారతారు. మూడో రోజు పొద్దున్న మా ఉస్తాద్, ఉత్తరాది నుంచి వచ్చిన హవల్దారు, ముప్ఫై మంది స్క్వాడ్‌ను నాకు అప్పగించి పక్కకు జరిగారు. "తేజ్ చల్" బాగానే అన్నాను. స్క్వాడ్ మైదానం చివరిదాకా నడిచింది. రాత్రి కురిసిన వానకు అక్కడ మోకాలి కిందిదాకా బురదనీరు నిలిచి ఉంది. "స్క్వాడ్" అన్నాను, విరామం ఇచ్చాను, ఆ తరువాత "థమ్" అన్న మాట నా నోట రాలేదు. ముందు వరుస ఆగలేదు. చేతులు భుజాల ఎత్తుకు ఊపుతూ, చూపు ఎదురుగా పెట్టుకుని, బూట్లతో సహా ఆ నీళ్లలోకి నడిచారు, వాళ్ల వెనక రెండో వరుస నడిచింది. ఒక్కరు కూడా కిందికి చూడలేదు. చివరికి ఉస్తాదే అరిచి ఆపారు.

నాకు శిక్ష పడుతుందనుకున్నాను. ఆయన వాళ్లను ఒడ్డుకు పంపి బూట్లు విప్పి ఆరబెట్టుకోమన్నారు, నన్ను ఆ నీళ్లలో వాళ్లు నిలబడ్డ చోటే నిలబెట్టి "థమ్" అని ఇరవై సార్లు అనిపించారు. ఆయన హిందీలో చెప్పినదాని సారం ఇది: వాళ్ల తప్పు ఏదీ లేదు, ఆజ్ఞ రాలేదు కాబట్టి నడిచారు, రేపు నువ్వు ఎక్కడ నోరు పెగలక నిలబడిపోయినా వాళ్లు ఇలాగే నడుస్తారు. నా మేజోళ్లలో ఇసుక గరగరలాడటం ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం స్నేహితులు ఎప్పటిలాగే నాతో కలిసి తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. అది ఆ ఇరవై సార్ల కంటే కష్టంగా తోచింది.

ఆటలో ఈ విరామం లేదు. మౌసుతో గీత గీస్తే లక్ష మంది కదులుతారు, ఎవరి బూట్లూ తడవవు. అందుకే శిక్షణ గీత నిండేదాకా ఆగడం నాకు ఒక నియమంగా మారింది. నేను వాళ్ల పట్ల చూపగలిగిన మర్యాద అదొక్కటే అనిపించేది.

ఇంతవరకు రాసి, కోపం నాదే సరైనదని రుజువు చేసుకుందామని మళ్లీ ఆట తెరిచి, పటాన్ని దగ్గరగా చూశాను. చూశాక అంత గట్టిగా అనలేకపోతున్నాను. మిన్స్క్ దగ్గర నా పాత డివిజన్లు పదిహేడూ జర్మన్ ట్యాంకుల ఉచ్చులో పడబోతుండగా మా వాడు ఆ పచ్చివాళ్లను దింపాడు. వాళ్లు దారి తెరిచి ఉంచినందువల్లనే ఆ పదిహేడూ ద్నీపర్ నది దాటి ఇవతలకు రాగలిగాయి. నేను ఆడి ఉంటే గీత నిండేదాకా కాచుకుని, ఆ పదిహేడింటినీ పోగొట్టుకుని ఉండేవాడిని. అసలు చరిత్రలో కూడా మాస్కో నగరం 1941 జూలైలో ఇదే పని చేసింది. కార్మికులను, విద్యార్థులను, అధ్యాపకులను కలిపి పన్నెండు ప్రజాసైన్య డివిజన్లు కట్టి పశ్చిమానికి పంపింది. వాళ్లకు శిక్షణకు వ్యవధి దొరకలేదు. వాటిలో చాలావరకు అక్టోబరులో వ్యాజ్మా దగ్గర చుట్టుముట్టుకుపోయాయి. మాస్కో నిలబడింది. తుహాచెవ్‌స్కీ వంటి మార్షల్‌ను 1937లోనే కాల్చి చంపుకున్న సైన్యానికి, శిక్షణ ఇచ్చేవాళ్లే కరువైన ఆ వేసవిలో, ఆ పన్నెండు డివిజన్లను పంపక గత్యంతరం లేకపోయింది.

అయితే వాడు చేసింది సరైనదేనా? పటం ప్రకారం సరైనదే. ఆ మాట రాయగానే ఆ పోయిన అయిదు డివిజన్లు కళ్ల ముందు నిలిచాయి. ఆటలో ఒక పదాతి బెటాలియన్ అంటే వెయ్యి మంది, నా డివిజన్‌కు తొమ్మిదేసి బెటాలియన్లు. నలభై అయిదు వేల మందిని నేను ఒక అంకెగా చూసి విసుక్కుంటుండగా, నా ఎదుట నిలబడ్డ పిల్లవాడు ఆ అంకెలో తనను లెక్కపెట్టుకుంటున్నాడు. ఆరు నెలలు చాలతాయా చాలవా అన్నది నేను తేల్చగలిగే విషయం కాదు. ఇచ్చిన కాలానికి తోడు వాడు తన వంతు రోజులు ముందే చేరుస్తున్నాడని మాత్రం, గుమ్మం దగ్గర మడమ బయటివైపు అరిగిపోయిన వాడి బూట్లు చూస్తే తెలుస్తుంది. నిన్న కంటోన్మెంటు వైపు మైదానంలో పదహారు వందల మీటర్లకు 5 నిమిషాల 42 సెకన్లు పట్టింది. పూర్తి మార్కులకు 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. వాడికి కావలసింది పన్నెండు సెకన్లు.

నిన్న రాత్రి సేవ్ ఇంకా ఉంది. దానికి వెనక్కి వెళ్లలేదు. మిగిలిన తొమ్మిది డివిజన్లను ముందు వరుస నుంచి తప్పించి, వేరే జనరల్ కింద పెట్టి, నది వెనక విన్యాసాలకు పంపి, మా వాడి ఆటనే సేవ్ చేశాను. ఒక్క డివిజన్‌కు వాడి పేరు పెడదామనిపించింది గాని, చేయి ఆడలేదు. పొద్దున్న నాలుగున్నరకు మైదానంలో స్టాప్‌వాచీ నేను పట్టుకుంటానని అమ్మతో చెప్పాను. వాడితో ఇంకా చెప్పలేదు.